ఆరు బొటనవేళ్లు

“అయిదు దాటితే వేదాంత్‌ను లేపేస్తరు. అంతకుముందే చాంద్రాయణగుట్ట సేఫ్ హౌస్‌కు చేర్చాలె. ఎవ్వరు ఎవ్వరితోని మాట్లాడొద్దు. ఏదున్నా గ్రూపుల పెట్టుండ్రి.”

చీఫ్ వామన్‌రావు బ్రీఫింగ్ అంతే. రాడార్ డ్రాయింగులు కొంటున్న విదేశీ ముఠాను కళ్లారా చూసిన ఒకే ఒక్క సాక్షి, ఇంజనీర్ వేదాంత్.

నాలుగున్నర. యాకుత్‌పురా స్టేషన్ బయట ఏజెంట్ జోయెల్ కత్తులకు సాన పడుతున్నాడు. సాన బండిలో కెమెరా, లుంగీ మడతలో పిస్తోలు. పది అడుగుల అవతల ఏజెంట్ రాజమణి జామకాయలు అమ్ముతోంది. సందు మలుపులో ఏజెంట్ సీమోను నడిపే వ్యాన్, లోపల వేదాంత్. ప్లాట్‌ఫాం మీద నల్లకళ్లద్దాల ఏజెంట్ మనస్విని. రైలు దిగేవాళ్లను కనిపెట్టడం ఆమె డ్యూటీ. దిగేవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు.

జోయెల్ ఫోన్ వణికింది. గ్రూపులో మనస్విని మెసేజ్: ‘ఈ రూట్ సేఫ్ కాదు. మలక్‌పేట రేస్‌కోర్స్ వెనక సందుకు మారుద్దామా?’

గ్రూపులో ఉన్నది ఏడుగురు. రోజుకు మూడొందల మెసేజ్‌లు. చదివినా చదవకున్నా ‘సరే’ అన్నట్టు మెసేజ్ కింద బొటనవేలు బొమ్మ పెట్టడం ఆఫీసు మర్యాద. నిమిషంలో ఆరు లేచాయి. మొదటిది చీఫ్‌ది. ఒకటి జోయెల్‌దే.

రాజమణి జామకాయల కత్తి పట్టుకొచ్చింది. “పదును పెట్టు తమ్మీ. మలక్‌పేటల మనోళ్లు ఎవరున్నరు?”

“నాకేం ఎరుకక్కా. నువ్వు తెలిసే వేలు పెట్టినవనుకున్న.”

“నువ్వు పెట్టినవని నేను పెట్టిన.”

సానరాయి ఆగింది. జోయెల్ రూలు తప్పి చీఫ్‌కు ఫోన్ చేశాడు. “రూట్ ఎందుకు మార్చిన్రు సార్?”

“నేనేడ మార్చిన?”

“మొదటి వేలు మీదే.”

“మీటింగుల ఉంటి జోయెల్. చదవలే.”

పదిమంది కావలి ఉన్న చేనునే పందులు మేస్తాయి.

వ్యాన్ అప్పటికే కదిలింది. సీమోను ఫోన్ ఎత్తడు, మాట్లాడొద్దన్నారు కదా. జోయెల్ సాన బండిని ఒక్క తోపు తోశాడు. అది పోయి వ్యాన్ ముందు చక్రం కింద నుగ్గయింది.

“దిమాక్ ఖరాబయిందా భాయ్?” సీమోను తల బయటపెట్టాడు.

“మలక్‌పేట పొమ్మని ఎవరన్నరన్నా?”

“ఆరు వేళ్లు లేసినయి గద. అండ్ల నాదొకటి.”

వెనక సీట్లోంచి వేదాంత్ ముందుకు వంగాడు. “నా పానం సంగతి ఒక్కరన్న నోరు తెరిచి అడిగిన్రా?”

జోయెల్ ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తాడు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు కదిలిపోతోంది. తలుపు దగ్గర మనస్విని కళ్లద్దాలు తీసింది.

“నేను అడిగిన జోయెల్. మీరే వద్దనలే.”

పావుగంటకు మలక్‌పేట సందులో, చీఫ్ పంపిన పోలీసులకు కాపు కాసిన ఇద్దరు దొరికారు. వాళ్ల కారులో సైలెన్సర్ తుపాకి, వేదాంత్ ఫొటో, సీమోను బండి నంబర్.

ఆ సాయంత్రం గ్రూపులో చీఫ్ మెసేజ్: ‘ఇకమీదట ఏ నిర్ణయమైనా నోటితో అడిగి తేల్చుకోవాలి.’

నిమిషంలో బొటనవేళ్లు లేచాయి. అయిదు రావాలి. ఆరు వచ్చాయి.

మనస్వినిని గ్రూపులోంచి ఎవరో ఒకరు తీసేసే ఉంటారని అందరూ అనుకున్నారు.