గుసగుసల ఇల్లు

శనివారం పొద్దున ఎలిశిబా ఛాయ్ వడగట్టి, లోపలి గది తలుపు దాకా వచ్చి చేత్తో సైగ చేసింది. జడ వేసుకుంటున్న కూతురు ఫేబ సైగ చూసి లేచి వచ్చింది.

"పాలప్యాకెట్ తెచ్చినవా?" ఎలిశిబా గొంతు తగ్గించి అడిగింది.

"తెచ్చిన మమ్మీ. ఫ్రిజ్జుల పెట్టిన." ఫేబ కూడా అంతే మెల్లగా చెప్పింది.

ఇంట్లో ఎవరూ నిద్రపోవడం లేదు. ఎవరికీ జ్వరం లేదు. ఇంటాయన యాకోబు బయట కుర్చీలో పేపరు చూస్తున్నాడు. పెరుగు తోడు కోసం వచ్చిన ఎదురింటి నిర్మలమ్మ గడపలో ఆగి, తనకు తెలియకుండానే తానూ గొంతు తగ్గించింది.

"ఏందే పిల్లా, మీ ఇంట్లకొస్తే దవాఖానల అడుగు పెట్టినట్టే ఉంటది."

ఎలిశిబా నవ్వినట్టు చేసి తోడు ఇచ్చి పంపింది.

నిరుడు వానాకాలంలో యాకోబు మెడలో గడ్డ తీశారు. ప్రమాదం లేని గడ్డే. కానీ అది గొంతు నరాన్ని అంటుకుని పెరిగింది. మునుపటి గొంతు రాదని, అయినా వచ్చిన గొంతుతోనే మాట్లాడాలని, గుసగుసలు మాత్రం పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. వచ్చిన గొంతు గరగరమని రెండుగా చీలేది. యాకోబుకు బస్టాండు వెనక బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. టేక్మాల్ నుంచి మోటారు తెచ్చిన రైతు ఒకాయన ఆ గొంతు విని, "ఏందన్నా, కోడిపుంజును మింగినవా?" అన్నాడు. ఆయన చెడుగా అనలేదు. పక్కనున్నవాళ్లు నవ్వారు, అంతే.

ఆనాటి నుంచి యాకోబు గొంతు తెరవలేదు. ఊపిరితోనే మాట్లాడతాడు. దుకాణానికొచ్చే ఫోన్లు ఎలిశిబా ఎత్తుతుంది. పెళ్లికి ముందు నుంచీ చర్చి పాటల బృందంలో అందరికంటే కింది స్థాయిలో, అడుగు స్వరం పాడిన మనిషి ఇప్పుడు చివరి బెంచీలో కూర్చుని, అందరికంటే ముందే లేచి వస్తాడు. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదని తల ఊపుతాడు. అది అబద్ధం కాదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లితే ఎలా ఉంటుందో, అలా ఉండేది అతనికి.

వంటింట్లో ఫేబ తల్లి కొంగు పట్టుకుంది. "మమ్మీ, పిల్లల పాటల గుంపుకు ఇయ్యాల్నే సెలక్షన్. ఇషిత పోతుంది, హర్షిత్ పోతుండు. మనూరి పిల్లలు ఎవలైనా రావచ్చన్నరు విక్టర్ సార్. ఇంట్లకెల్లి ఒక్కలు తోడు రావాల్నంట."

"వద్దని చెప్పిన గద."

"ఎందుకు మమ్మీ?"

"ఎందుకంటే ఏం చెప్పాలె? పాటల గుంపుల జేరితే రోజూ ఇంట్ల పాడాలె. మీ డాడీ ముందట పాడుతవా? ఆయన పానం ఎట్లుంటది, జర చెప్పు."

ఫేబ కొంగు వదిలేసింది. గుమ్మంలో యాకోబు నిలబడి ఉన్నాడు.

"ఏం సెలక్షన్?" అన్నాడు, ఊపిరితో.

"ఏం లేదు. ఛాయ్ చల్లగైతుంది, తాగు."

"నా గొంతు పోయింది గని, చెవులు మంచిగనే ఉన్నయి. టీవీ ఎందుకు బంద్ వెట్టినవ్? నువ్వు బట్టలు ఉతుకుకుంట పాడుతుంటివి, ఎందుకు పాడుతలేవు? నేను వద్దన్ననా?"

"నువ్వా?" ఎలిశిబా చేతిలోని గంటె పక్కన పెట్టింది. "నువ్వేమన్నవు? ఏడాదైతుంది నువ్వు ఒక్క మాటని. కోపం రాదు, ఏడుపు రాదు. కూరల ఉప్పెక్కువైనా తినుకుంట కూసుంటవు. గోడతోని కాపురం జేసినట్టుంది నాకు. నీకు నొస్తదని మేం నోరు మూసుకుంటిమి. నొస్తుందా లేదా, అదన్న జెప్పు!"

"నాకేం నొస్తలేదు."

"గదే నా బాధ!"

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి, మెడనరాలు ఉబ్బాయి. ఆ ఇంట్లో జగడం కూడా గుసగుసల్లోనే జరిగింది. ఎదురుగా తన వాకిట్లో ఊడుస్తున్న నిర్మలమ్మకు ఒక్క ముక్క వినపడలేదు.

 యాకోబు కొక్కెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"నడువు బిడ్డా," అన్నాడు.

సెలక్షన్ బడి గదిలో పెట్టారు. పాటలు నేర్పే విక్టర్ సార్ ఒకప్పుడు చర్చిలో యాకోబు పక్కన నిలబడి పాడినవాడే. యాకోబును చూసి తల ఊపాడు. తోడొచ్చిన పెద్దలు గోడవారగా కూర్చున్నారు. హార్మోనియం మీద ఒక స్వరం పట్టి, దాన్ని అందుకొమ్మని పిల్లల్ని ఒక్కొక్కరిగా పిలిచాడు విక్టర్. హర్షిత్ అరిచాడు. ఇషిత కళ్లు మూసుకుని పాడింది.

"ఫేబ! రా తల్లీ. 'స' అను."

ఫేబ ముందుకొచ్చింది. నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది.

"జర గట్టిగ."

మళ్లీ గాలే. ఫేబకే వింతగా అనిపించి గొంతు మీద చేయి పెట్టుకుంది.

"జలుబైందా?"

"లేదు సార్."

"మరి ఇంట్ల గట్టిగ పాడుతవు గదా?"

"మా ఇంట్ల గట్టిగ మాట్లాడం సార్," అంది ఫేబ. ఫిర్యాదులా కాదు. మా ఇంట్లో ఉదయాన్నే ఛాయ్ తాగుతాం అన్నట్టు అంది.

యాకోబు ఆ మాట విన్నాడు. పిల్లకు ఏ గడ్డా లేదు, ఏ నరమూ దెబ్బతినలేదు. తన దగ్గర నడక నేర్చుకుంది, ప్రార్థన నేర్చుకుంది. ఇదీ నేర్చుకుంది. పక్కటెముకల కింద ఎక్కడో కలుక్కుమంది. ఏడాదిలో మొదటిసారి నొప్పి తెలిసింది.

"సరే బిడ్డా, వచ్చే యేడు సూద్దాం. పోయి కూసో," అన్నాడు విక్టర్ సౌమ్యంగా.

"ఆగు."

అందరూ గోడవైపు తిరిగారు. యాకోబు లేచి నిలబడ్డాడు. చెమట పట్టిన అరచేతులు లాగుకు తుడుచుకున్నాడు. నోరు తెరిచి 'స' అన్నాడు.

గొంతు గరగరమని లేచి, మధ్యలో విరిగి, ఒక సగం పైకీ ఒక సగం కిందికీ పోయింది. స్వరం మాత్రం తప్పలేదు.

 హర్షిత్ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నా ఆగక నవ్వాడు. గదంతా నవ్వింది. ఇన్నాళ్లు దేనికి భయపడ్డాడో అదే వచ్చి చెవుల్లో పడింది. ఇంతేనా అనుకున్నాడు యాకోబు. ఇంకా నిలబడే ఉన్నాడు.

ఫేబ తండ్రి ముఖంలోకి చూసింది. ఆయనా నవ్వుతున్నాడని తెలిశాక, ఆమెకూ నవ్వు పొంగుకొచ్చింది. పకపకా, గది అదిరేలా నవ్వింది.

"గదీ!" విక్టర్ హార్మోనియం మీద చరిచాడు. "గా నవ్విన గొంతుతోనే అను. తొందరగ, ఆపకు!"

ఫేబ నవ్వుతూనే అందుకుంది. స్వరం వణికింది, నిలబడింది, కిటికీ దాటింది.

"మీ నాయిన ఊపిరే వచ్చింది నీకు," అన్నాడు విక్టర్. "రేపు సాయంత్రం రా. ముందు వరుసల నిలబడాలె. యాకోబూ, తోలుకరావాల్సింది నువ్వే."

వాళ్లు తిరిగొచ్చేసరికి ఎలిశిబా గేటు దగ్గరే ఉంది.

"ఏమైంది?" గుసగుసగా అడిగింది.

"మమ్మీ, నన్ను తీసుకున్నరు!" ఫేబ కేక వేసింది. అలవాటుగా ఎలిశిబా వేలు పెదవుల మీదికి పోయింది.

"అరవనియ్యి," అన్నాడు యాకోబు. ఆ మాట విరిగిన గొంతులోంచి, బయటికి, వీధిలోకి వచ్చింది. "ఎలిశిబా. అరవనియ్యి పిల్లను."

ఎలిశిబా వేలు అక్కడే ఆగిపోయింది. తన పేరు ఆ నోట విని ఏడాదైంది. గేటు పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడి, మొదట మామూలుగానే చప్పుడు లేకుండా ఏడ్చింది. తర్వాత ఆపుకోలేక బిగ్గరగా ఏడ్చింది.

యాకోబు పక్కనే కూర్చుని ఆమె తలకు తల ఆనించాడు. ఊరుకొమ్మని అనలేదు. తన చెంపల మీద తడి తగిలితే అది ఆమెదనుకున్నాడు. తుడుచుకుంటే మళ్లీ వచ్చింది.