చూపులు లెక్కలోకి రావు

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు, రిహార్సల్ గదిలో, మాస్టారు పాటను మళ్లీ ముందే ముగించేశాడు.

బేస్ ఆగింది. సాక్సోఫోన్ ఆగింది. డ్రమ్స్ దగ్గర తమ్ముడు ఒక దెబ్బ ఎక్కువ వేసి నాలుక కరుచుకున్నాడు.

ఆ నలుగురి జాజ్ బృందానికి లీడర్ బేస్ వాయించే అమ్మాయి. పెద్ద వయొలిన్‌లా ఉండే, తనకంటే ఎత్తున్న బేస్‌ను భుజానికి ఆనించుకుని, నిలబడి తీగలు మీటుతుంది. డ్రమ్స్ ఆమె తమ్ముడివి, సాక్సోఫోన్ బాబాయిది. పియానో దగ్గర కూర్చునే అతను కొత్త. పగలు బడిలో పిల్లలకు సంగీతం చెబుతాడు కాబట్టి అందరికీ మాస్టారే. శనివారం కచేరీ బాగా జరిగితే బృందంలో ఉంటాడు. లేకపోతే వేరే మనిషిని వెతుక్కుంటారు. ఆ మాట చేరిన రోజే లీడర్ చెప్పింది.

వాళ్ల పద్ధతి ఇది. ముందు బేస్ నడిపించినట్టు, తాళం తప్పకుండా పాట వాయిస్తారు. ఆమె ఆ నడక ఆపగానే ఎవరి దారి వారిది. తాళం ఉండదు, ఎవరికి తోచింది వారు వాయిస్తారు. ఆమె తలెత్తి పియానో వైపు చూస్తే మాస్టారు పాట మొదటి వరుస అందుకోవాలి. మిగతావాళ్లు అతని వెంట వచ్చి పాట ముగిస్తారు.

"ఏం మాస్టారూ, ఇంటికెళ్లే తొందరా?"

"మీరు చూశారని వచ్చేశానండీ."

"నేనెక్కడ చూశాను?"

"ఇందాక. అంతకుముందు కూడా."

"టైమ్ చూసుంటాను. గడియారం మీ వెనకాలే ఉందిగా."

తమ్ముడు మెడ తిప్పి చూశాడు. "అక్కా, గడియారం నా వెనక గోడకుంది."

"నువ్వు నోర్మూసుకుని నీ డ్రమ్ములు బిగించుకో!"

బాబాయి సాక్సోఫోన్ నోట్లో పెట్టుకునే నవ్వాడు. అది కీచుమంది.

"సరే, పద్ధతి మారుస్తున్నా," అంది లీడర్. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "లావు తీగ మూడుసార్లు కొడతాను. అప్పుడే రావాలి. చూపులు లెక్కలోకి రావు."

ఆమెకు కోపం వచ్చిందనుకున్నాడు మాస్టారు. మెట్లు దిగేసరికి వాన. గొడుగు పైనే ఉండిపోయింది. మళ్లీ ఎక్కడానికి మొహం చెల్లక తడుస్తూ ఇల్లు చేరాడు.

శనివారం హాలు నిండింది. మొదటి సగంలో లావు తీగ మోగిన ప్రతిసారీ మాస్టారు పాట అందుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు. చప్పట్లప్పుడు కూడా పియానో మీటలకే నమస్కారం పెట్టాడు.

ఇంటర్వెల్‌లో తెర వెనక ఆమె అతను మర్చిపోయిన గొడుగు తెచ్చి ఒళ్లో పడేసింది.

"తప్పు వాయించానా?"

"ఒక్కటీ లేదు."

"మరెందుకు కోపం?"

"ఒక్కసారన్నా తలెత్తారా మీరు? పియానోలో ఏం పారేసుకున్నారని అంతలా వెతుకుతున్నారు?"

"చూపులు లెక్కలోకి రావన్నారుగా."

"పాటకి రావన్నాను!"

అతను గొడుగు పక్కన పెట్టాడు. "అంటే నిన్న..."

"చూశాను. గడియారాన్ని కాదు. మీరు ఉంటారో వెళ్తారో తేలాక చెబుదామనుకున్నా. ముందే చెప్పేసి, తర్వాత వద్దనాల్సి వస్తే ఏ మొహం పెట్టుకుని అంటాను?"

"తేలిందా?"

"ఇందాకే తేలింది. మీరుంటున్నారు. ఇక మీరు చెప్పండి."

"నేను చెప్పేదేముంది? మిమ్మల్నే చూస్తూ కూర్చోకపోతే మీరు చూసిన సంగతి నాకెలా తెలుస్తుందండీ?"

ఆమె చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

"అక్కా, జనం కూర్చున్నారు," అన్నాడు తెర పక్కనుంచి తమ్ముడు. "మిగతాది వాయించాక చూసుకోండి."

చివరి పాటలో బేస్ నడక ఆగింది. ఆమె తలెత్తింది. అతనూ ఎత్తాడు. ఇద్దరూ దించలేదు. లావు తీగ మోగలేదు. తమ్ముడు తనకు వచ్చినవన్నీ వాయించేశాడు, ఇంకేమీ మిగలక కుర్చీ కాలు మీద కూడా వాయించాడు. ముందు వరుసలో వాళ్లు లేచి నిలబడ్డారు. చివరికి బాబాయే పాట మొదటి వరుస అందుకుని ముగ్గురినీ అందులోకి లాక్కొచ్చాడు.

ఆదివారం ఉదయం బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, లీడర్ తల్లిని వెంటబెట్టుకుని, మాస్టారింటి కాలింగ్ బెల్ నొక్కాడు. మాస్టారి అమ్మ తలుపు తీసింది.

"పిల్లల సంగతి మాట్లాడదామని వచ్చాం వదినగారూ," అంది లీడర్ తల్లి.

ఆవిడ లోపలికి రమ్మని రెండు కుర్చీలు వేసింది.