అమ్మ తన చేత్తో ఇవ్వాలనుకున్నది

"రావడం లేదే బుజ్జీ... ఎంత సబ్బు పెట్టినా రావడం లేదు!" అంది పెద్దక్క, నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ.

ఖబరస్తాన్ గోడనానుకుని ఉన్న ఆ చిన్న గదిలో, చెక్కబల్ల మీద, తెల్లదుప్పటి కింద అమ్మ పడుకుని ఉంది. పడుకుని ఉందనుకోవడమే బుజ్జికి ఇష్టం! ఉదయం నమాజు వేళకు ప్రాణం పోయింది. గుసుల్ స్నానం చేయించాలి, కఫన్ గుడ్డలు చుట్టాలి, మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా లేవాలి. ఎడమచేతి బంగారు గాజు సబ్బు నురగకు జారి వచ్చేసింది. కుడిచేతిది మాత్రం నీరు పట్టి ఉబ్బిన మణికట్టు దగ్గర బిగుసుకుపోయింది. పేటంతా పెద్దక్క అని పిలిచే, పాతికేళ్ళుగా అక్కడి ఆడవాళ్ళందరికీ చివరి స్నానం చేయించిన ఆవిడకే దిక్కు తోచడం లేదు.

"ఉండనీ అక్కా... దాంతోనే పంపేద్దాం" అంది బుజ్జి.

"వెర్రిదానా! బంగారాన్ని మట్టిలో పూడుస్తారా ఎక్కడైనా? ఈ లోకం సొత్తు ఈ లోకంలోనే వదిలిపెట్టాలి. ఊపిరి ఆగిన క్షణం నుంచే అది మీ అన్నాచెల్లెళ్ళది. ఆవిడది కాదు."

ఆవిడది కాదు! అచ్చం ఈ మాటే కదా, అమ్మ నెల రోజులుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది!

అమ్మ దర్జీ. భర్త పోయాక రెక్కలు ముక్కలు చేసుకుని, కుట్టుమిషన్ తొక్కి తొక్కి, కొడుకుని మెకానిక్కునీ కూతుర్ని పంతులమ్మనీ చేసింది. తనకంటూ చేయించుకున్న సోకల్లా ఆ గాజుల జత ఒక్కటే. "ఇవి గలగలమనకపోతే నాకు మిషన్ చక్రం తిప్పబుద్ధి కాదే" అని నవ్వేది. అంత మోజుపడ్డ గాజులు మంచాన పడ్డాక ఆమెకు బరువైపోయాయి. ఎందుకంటే పెద్దక్కతో పాటు అమ్మ కూడా ఈ గదికి సాయానికి వచ్చేది. ఇక్కడ కుళాయి లేదు. రోడ్డు దాటి, టీకొట్టు ముందు నిలబడ్డ మగవాళ్ళందరి మధ్య నుంచీ బకెట్లు మోసుకురావాలి. "చచ్చాక కూడా ఆడదానికి నీళ్ళ కరువేనా!" అని వాపోయేది. ఈ గాజులిచ్చేసి ఇక్కడ నీళ్ళ ట్యాంకు కట్టించాలని ఆమె కోరిక.

"సబ్బు పెట్టి తీసెయ్యవే తల్లీ" అని మొదటిసారి అడిగినప్పుడు బుజ్జి విసుక్కుంది.

"ఇప్పుడేం తొందరమ్మా? కోలుకున్నాక నువ్వే స్వయంగా ఇద్దువుగాని!"

"దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలే పిచ్చిదానా. ఇప్పుడిస్తే నేనిచ్చినట్టు. కళ్ళు మూశాక మీది మీరిచ్చినట్టు. అక్కడికి నాతో వచ్చేది నేనిచ్చిందే కదా!"

"అలాంటి మాటలనకమ్మా! నీ చేతులు బోసిగా ఉంటే నేను చూడలేను..."

రేపు తీద్దాం అంది. ఎల్లుండి అంది. శుక్రవారం అంది. అరవైమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే పంతులమ్మకి, ఆ రెండు గాజులు తీస్తే అమ్మ చావుకి తనే తలుపు తీసినట్టవుతుందని భయం! గాజులున్నంతసేపూ అమ్మ ఉంటుందని, చిన్నపిల్లలా, తనకు తానే లెక్క వేసుకుంది.

"అన్నని పిలువు. కోయక తప్పదు" అంది పెద్దక్క.

అమ్మ ఒళ్ళంతా మెడదాకా దుప్పటి కప్పి, కుడిచెయ్యి ఒక్కటి బయటికి తీసి పెట్టారు. సాయం వచ్చిన ఆడవాళ్ళు బయటికెళ్ళారు. అన్నయ్య కటింగ్ ప్లేయరు పట్టుకుని లోపలికొచ్చాడు. తుప్పుపట్టిన లారీ నట్లని ఒక్క ఊపులో తిప్పేసే మనిషి! అమ్మ చెయ్యి చూడగానే ప్లేయరు వెనక దాచుకున్నాడు.

"గట్టిగా పట్టుకో చెల్లీ... చర్మానికి తగలకూడదు."

"నొప్పి పుడుతుందేమో అన్నయ్యా!" అనేసింది బుజ్జి. తను ఏమన్నదో తనకే తెలియలేదు. ఇద్దరూ ఒక్కసారి ముఖముఖాలు చూసుకుని బావురుమన్నారు.

గాజు కింద మడత పెట్టిన గుడ్డ దూర్చాడు. మొదటిసారి ప్లేయరు జారింది. రెండోసారీ జారింది. మూడోసారికి టక్కుమని తెగింది. బంగారం రెండు చోట్ల వంగి, అమ్మ చెయ్యి మీద లోతుగా ఒక చార మిగిలింది. బుజ్జి ఆ చార మీద పెదవులానించి, ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది.

"పాపిష్టిదాన్ని అన్నయ్యా! పదిరోజుల క్రితం గాజులిస్తానని అమ్మ కబురు పంపితే మసీదు పెద్దాయన మన గుమ్మందాకా వచ్చాడు. అమ్మ నిద్రపోతోందని చెప్పి తిప్పి పంపేశాను. అమ్మ మెలకువగానే ఉంది! అంతా విన్నది! నేను లోపలికొస్తే ఒక్కమాట తిట్టలేదు... 'అబద్ధం కూడా నా మీద ప్రేమతోనే ఆడావా తల్లీ' అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు అన్నయ్యా... అడగనే లేదు!"

అన్నయ్య కొడతాడేమో, కొడితే బాగుండుననుకుంది బుజ్జి.

"నిన్ను అడగడం మానేసి నన్ను అడిగింది" అన్నాడు అన్నయ్య, ప్లేయరు వైపే చూస్తూ. "దీన్ని తెచ్చి కొయ్యమంది. సరేనన్నాను. మర్నాడు షాపులో మర్చిపోయానన్నాను. ఆ మర్నాడు కూడా అదే అన్నాను. మర్చిపోలేదే బుజ్జీ! రోజూ నా జేబులోనే ఉంది. సొంతంగా ఒక షెడ్డు వేసుకుందామని... ఈ బంగారం ఉంటే అయిపోతుందని... నీదంటే ప్రేమ. నాది ఆశ."

ఎవర్ని ఎవరు ఓదార్చాలి? తల్లి తలవైపు ఒకరు, చేతివైపు ఒకరు, అలాగే కూర్చుండిపోయారు. పెద్దక్క వచ్చి తట్టి లేపింది. అన్నయ్య బయటికెళ్ళాడు. ఆడవాళ్ళు మళ్ళీ రోడ్డు దాటి నీళ్ళు తెచ్చారు. కుడివైపు నుంచి మొదలుపెట్టి, బేసిసార్లు నీళ్ళు పోసి, చివరిసారి కర్పూరం కలిపి, మూడు తరాల ఆడవాళ్ళకు రవికలు కుట్టిన అమ్మకి కుట్టు లేని తెల్లగుడ్డలు చుట్టారు.

జనాజా మసీదు గేటు దాకా వచ్చింది. నమాజు అయిపోయింది. ఇంక భుజాలకెత్తుకుంటారనగా బుజ్జి గాజుల్ని గుప్పిట్లో పట్టుకుని, కొంగు సర్దుకోవడం కూడా మరిచి, పెద్దాయనకి అడ్డంగా వెళ్ళింది. వెనకే అన్నయ్య వచ్చాడు.

"ఇవి తీసుకోండి బాబాయ్! ఆడవాళ్ళ గదికి నీళ్ళ ట్యాంకు కోసం. అమ్మ ఇస్తోంది..."

"నీ అన్న ఒప్పుకున్నాడా తల్లీ? ఇద్దరిదీ కదా."

"నా వాటా కూడా ఇందులోనే బాబాయ్" అన్నాడు అన్నయ్య తలొంచుకుని.

పెద్దాయన రెండు చేతులూ చాచి అందుకున్నాడు. బుజ్జి మాత్రం వదల్లేదు.

"అమ్మ ఇచ్చిందనే అనుకోవచ్చు కదండీ? ఇంకా మట్టి పడలేదు కదా! అమ్మ ఇంకా ఇక్కడే, మన మధ్యే ఉంది కదా! ఇప్పుడిస్తే అమ్మ ఇచ్చినట్టు కాదా బాబాయ్... చెప్పండి!"

ముసలాయన కళ్ళు చెమర్చాయి. ఆమెకోసం మనసుకు నచ్చే మాట ఒకటి చెప్పాలని నోటిదాకా వచ్చినట్టుంది. చెప్పలేకపోయాడు.

"ఊపిరితోనే ఆ తలుపు మూసుకుందమ్మా. ఇది మీరు ఇస్తున్నది, ఆవిడ పేరు మీద. ఈ పుణ్యం ఆవిడకి చేర్చమని అల్లాహ్‌ను అడుగుదాం. చేరుస్తాడనే నమ్మకం. కానీ ఆవిడ ఇచ్చిందని మాత్రం నేను అనలేను."

బుజ్జి వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి.

"అయితే మేమిస్తున్నామనే చెప్పండి" అంది. "అమ్మ ఇస్తానంటే మేమే ఇవ్వనివ్వలేదు."

మగవాళ్ళు జనాజాని భుజాలకెత్తుకున్నారు. అన్నయ్య ముందువైపు కుడి పక్కన భుజం పట్టాడు. వాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా బుజ్జి గేటు దగ్గరే నిలబడి, "నన్ను క్షమించమ్మా" అంటూనే ఉంది.