తమ్దా కనుమ మీది రాయి

సంజె వాలిన తరువాత మా ఊళ్ళో తమ్దా సరస్సు పేరు ఎవరూ ఎత్తరు. పగటిపూటైనా "ఆ పైది" అంటారే తప్ప పేరు పెట్టి పిలవరు. ఈ అట్లాసు కొండల్లో అంత తేటనీరు మరెక్కడా లేదు. ఆ నీటినిండా ఎర్రచుక్కల ట్రౌట్ చేపలే. అయినా ఆ ఒడ్డున ఒక్క గొర్రె మేయదు. దప్పికగొన్న కంచరగాడిద సైతం మూతి వంచి, ఆగి, తల ఎత్తేస్తుంది... నీటి అడుగునుంచి తనను ఎవరో చూస్తున్నట్టు.

అక్కడికి పోవాలంటే కనుమ దాటాలి. కనుమ నెత్తిన ఒక రాళ్ళగుట్ట ఉంది. పైకి పోయే ప్రతి మనిషీ తన ఇంటి గోడలోంచి ఒక రాయి ఊడదీసి, మోసుకుపోయి, ఆ గుట్ట మీద ఉంచాలి. తిరుగుదారిలో తన రాయిని తానే తీసుకొని, తెచ్చి, గోడలో దాని చోటనే పెట్టాలి. రాయి దిగితే మనిషి దిగినట్టు. రాయి ఉంటే — మనిషి ఇంకా పైనే ఉన్నట్టు. ఒకరి రాయి మీద మరొకరు చెయ్యి వెయ్యరాదు. తాతల నాటి కట్టుబాటు ఇది. ఎందుకని ఎవరూ అడగలేదు.

కిందటి వసంతంలో జైద్ చేపలకని ఒంటరిగా పైకి పోయాడు. తిరిగి రాలేదు. వెతకబోయినవారికి ఒడ్డున అతని గాలపు కర్ర, ఉన్నికోటు దొరికాయి. అతను దొరకలేదు. కనుమ మీద అతని రాయి అలాగే ఉండిపోయింది.

రాయి ఉన్నంతకాలం పోయాడనడానికి వీల్లేదు. కనుక ఇమాం పోయినవారికి చదివే జనాజా నమాజు చదివించడు. జైద్ తల్లి హద్దాకు ఏడ్చే అధికారం లేదు... ఆశపడే ధైర్యమూ లేదు. ఆ ఇంటి పడమటి గోడలో అతని రాయి ఉండిన చోట ఒక ఖాళీ. చలిగాలి అందులోంచి ఈల వేస్తూ వచ్చేది. మట్టి మెత్తనిమ్మంటే ఆమె ఒప్పుకోలేదు. ఆ గాలికి ఎదురుగా కూర్చొని రొట్టెలు కాల్చేది. రోజూ ఒకటి ఎక్కువ.

తరువాతి సంగతి నాకు బాస్సూ చెప్పాడు. హద్దాకు తమ్ముడు, కంచరగాడిదలు తోలేవాడు, నవ్వించందే మాట ముగించని మనిషి. ఈ కథ చెబుతున్నంతసేపూ అతను నవ్వలేదు.

శరత్కాలం ముగియవస్తున్న ఒక సాయంకాలం, హద్దా పొయ్యి ముందు, ఆమె చిన్నకొడుకు యిదిర్ మాట ఎత్తాడు.

"మామా, మంచుకు కనుమ మూసుకుపోకముందే ఒకసారి చేపలకు పోదాం."

"ఏ చేపలకు?"

"పైవాటికి."

బాస్సూ తేనీటి గ్లాసు కింద పెట్టాడు. "చేపలే కావాలంటే సంతలో సార్డిన్లు దొరుకుతాయిరా అల్లుడూ. వాటికో మంచి గుణముంది. అవి మనల్ని తినవు."

పిండి చరుస్తున్న హద్దా చేతులు ఆగాయి.

"తోడు పోరా, తమ్ముడూ," అంది నెమ్మదిగా. "వద్దంటే వీడూ ఒంటరిగానే పోతాడు."

ఇక ఏర్పాట్లు సాగాయి. బాస్సూ కంచరగాడిద. బార్లీ రొట్టెలు, ఆలివులు, తేయాకు, చక్కెర దిమ్మ. రెల్లుకర్రలకు గుర్రపు వెంట్రుకలు పేనిన దారాలు. ఎరకు మిడతలు — పొద్దున్నే చలికి ఎగరలేవు గనుక కోసిన చేలల్లో ఏరుకోవచ్చు. పట్టిన చేపలను కప్పడానికి తడినాచు. చీకటి పడేలోగా కనుమ దాటి ఇటువైపు వచ్చి, కాపరుల గుడిసెలో పడుకోవాలి.

"ఉప్పు మరవకు," అన్నాడు బాస్సూ. "చేపలకు సగం, మనకు సగం. ఉప్పున్న చోటికి ఆ నీటి అడుగున ఉండేవాళ్ళు రారు."

హద్దా పొయ్యిలోకి చూస్తూ అంది: "వాడైతే ఇంత ఆలోచించేవాడా. 'ముసలమ్మా, పెనం పొయ్యి మీద పెట్టు, చేపలు తోవలో ఉన్నాయి' అని గాలం భుజాన వేసుకొని పోయేవాడు."

కన్నతల్లిని ముసలమ్మా అనే చనువు ఆ ఇంట జైద్ ఒక్కడిదే. యిదిర్‌కు ఊహ తెలిసిన నాటినుంచి 'అమ్మా' తప్ప మరో పిలుపు రాదు.

ఆమె కొట్టంలోకి పోగానే యిదిర్ గొంతు తగ్గించాడు.

"మామా... నాకు చేపలు అక్కర్లేదు."

"తెలుసు."

"అన్న రాయి దింపుతాను."

"ఒరేయ్ — కట్టుబాటు..."

"అమ్మను చూశావా? ఆ గోడ ముందే ఎండిపోతోంది. రాయి దిగితే నమాజు చదివిస్తారు. ఏడుస్తుంది. ఏడిస్తే బతుకుతుంది."

బాస్సూ లేచి కంచరగాడిదకు మేత వేయబోయాడు.

పైకి పోయేటప్పుడు యిదిర్ తన రాయిని అన్న రాయి పక్కనే ఉంచాడు. ఒకే గోడవి, ఒకే ఎర్రరాతివి, కవలల్లా ఉన్నాయవి. బాస్సూది నల్లరాయి, కాస్త ఎడంగా పెట్టుకున్నాడు.

ఆ రోజు ఒక్క చేపా పడలేదు. నీటి అద్దంలో చుక్కలచుక్కలుగా అవి కనిపిస్తూనే ఉన్నాయి... కదలవు. ముక్కులన్నీ నడిమడుగు వైపే. గాలం లాగినప్పుడల్లా మిడత మునిగిపోయి, అలాగే, తినకుండానే తిరిగి వచ్చేది.

పొద్దు వాలుతుండగా ఉత్తరాన మబ్బు లేచింది. బాస్సూ జీను సంచి విప్పి చూశాడు.

"ఉప్పేదిరా?"

"ఇంట్లో పెట్టేశాను."

"ఎందుకని?"

"ఉప్పుంటే... అన్న కూడా దగ్గరికి రాలేడేమోనని."

బాస్సూ కంచరగాడిద కళ్ళెం పట్టుకొని కనుమ వైపు దారి తీశాడు.

వాళ్ళు గుట్ట చేరేసరికి కటిక చీకటి. హిమకణాలు సూదుల్లా ముఖాన గుచ్చుతున్నాయి. దీపం నిలవలేదు. బాస్సూ తడిమి తన రాయి తీసుకున్నాడు. వెనక యిదిర్ మోకాళ్ళ మీద కూలబడి రాళ్ళు వెతుకుతున్న చప్పుడు.

"మామా... వేళ్ళు కొయ్యబారాయి. ఒకటే దొరికింది."

"ఎవరిది?"

"తెలియట్లేదు..."

"రెండోది చూడు. నీది పైన వదిలేసి దిగకు."

గాలి ఒక్కసారి హోరుమంది. కంచరగాడిద గింజుకుంటోంది, దాన్ని పట్టుకోవడమే గగనమైపోయింది. రాయి మీద రాయి జారిన శబ్దం... ఆ వెనుక నిశ్శబ్దం. అది ఎంతసేపో బాస్సూకు తెలియదు.

"దొరికిందా, అల్లుడూ?"

"పద."

గొంతు బొంగురుగా ఉంది. చలికనుకున్నాడు బాస్సూ.

గుట్ట దాటినవాడు మొదటి ఇల్లు కనిపించేదాకా వెనక్కి చూడరాదు. చూడలేదు. తన చెప్పుల కింద మంచు కరకరమంటోంది. వెనక అడుగుల్లో కరకర లేదు. నీళ్ళు నిండిన చెప్పు నేలకు ఆనితే ఎలా ఉంటుందో... అలా ఉంది.

గుడిసె దగ్గర కంచరగాడిద ఆగలేదు. ఊరి దాకా ఈడ్చుకొచ్చింది.

హద్దా దీపం పట్టుకొని తలుపు తీసింది. బాస్సూ పక్కకు తప్పుకున్నాడు. అతని వెనకనుంచి, గడప దాటుతూ —

"ముసలమ్మా, పెనం పొయ్యి మీద పెట్టావా?"

దీపం కిందపడలేదు. ఆమె దారి ఇచ్చి పక్కకు జరిగింది. "అదే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది," అన్నాడు బాస్సూ.

వచ్చినవాడు తిన్నగా పడమటి గోడ దగ్గరికి పోయాడు. అప్పటికి అందులో రెండు ఖాళీలున్నాయి — పైది జైద్‌ది, తలుపు పక్కది యిదిర్‌ది. చేతిలోని రాయిని పైదానిలో పెట్టాడు. సరిగ్గా ఇమిడింది. అన్నాళ్ళుగా ఈల వేసిన ఆ చోట గాలి నోరు మూసింది.

ఆ తరువాత పొయ్యి దగ్గర చతికిలబడి, ఎక్కువగా కాల్చిన రొట్టె అందుకొని, ఇల్లంతా కలయజూశాడు.

"తమ్ముడేడీ? ఇంకా రాలేదా?"

ముఖం యిదిర్‌దే. బట్టలు యిదిర్‌వే. బాస్సూ ఒట్టు వేసి చెబుతాడు. చలీ దుఃఖమూ కలిసి పిల్లవాడి మతి చలింపజేశాయని ఇమాం అంటాడు. అయి ఉండవచ్చు. కానీ మంచు వెలిసిన తరువాత బాస్సూ కనుమ మీదికి పోయి చూశాడు. గుట్ట మీద ఒక ఎర్రరాయి ఉంది. తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒకరి రాయి మరొకరు తీస్తే ఏమవుతుందో ఇప్పుడతనికి తెలుసు.

ఇప్పుడు ఆ ఇంట ప్రతి సాయంకాలం ప్రయాణపు ముచ్చటే. ఆ వచ్చినవాడు గుర్రపు వెంట్రుకలు పేనుతూ కూర్చుంటాడు. "కనుమ మూసుకోకముందే పోదాం. తమ్ముణ్ణి తెచ్చుకుందాం. తోడెవరు వస్తారు?" అని గడపలోకి వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతాడు. బాస్సూ రానన్నాడు. ఊరంతా రానంది. హద్దా మాత్రం ఒక కొడుకును చూస్తూ, రెండో కొడుకు ఖాళీ ముందు కూర్చొని, రాననకుండా బార్లీపిండి చరుస్తూ ఉంటుంది.

నిన్న పొద్దువాలే వేళ నేను ఆ గోడ పక్కగా వచ్చాను. గాలి మళ్ళీ ఈల వేస్తోంది... రెండు స్వరాలతో.

తలుపు పక్క యిదిర్ ఖాళీ. దాని కింద, నేలకు జానెడెత్తున, కూర్చున్న మనిషి చేతికి అందే చోట — కొత్తది ఇంకొకటి.

దాని అంచున బార్లీపిండి వేళ్ళ గుర్తులు ఇంకా ఆరలేదు.