పీరా సాబ్ కూతురు మూసిన నెల

“అన్నా, ఉగ్గాని ఒక ప్లేటు. బజ్జీ విడిగా, తొడిమె తీయకుండా.”

ఎమ్మిగనూరు బస్టాండు ముందు బండివాడు తలెత్తి చూశాడు. కోడ్ సరిపోయింది. అతని పేరు ఎర్రిస్వామి. చేతిలో జల్లిగరిటె, నడుముకి పిండి మరకల తువ్వాలు. అసలు ఉద్యోగం మాత్రం కేంద్ర నిఘా విభాగంలో సీనియర్ ఆఫీసరు. ఎదుట నిలబడ్డది ఏజెంట్ హుమేరా.

ప్లేటు కింద ఫైలు పెట్టి అందించాడు.

“టార్గెట్?” అంది హుమేరా.

“తుంగతీర కాటన్స్. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, పెద్దకడుబూరులో పత్తి కొనే సెంటరు, ఈడ హెడ్డాఫీసు, గోడౌను. మూడు చోట్ల లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో కలిపి నెలను మూసేదానికి పదకొండు దినాలు పడతాంది.”

“పదకొండా? పెండ్లి గూడ మూడు దినాల్లో అయిపోతాది గదన్నా!”

“ఆ పదకొండు దినాలూ పాత నెల తలుపు తెరిసే ఉంటాది. సముద్రం అవతలి ముఠా ఒకటి ఆ సందులో దూరి, లేని పత్తిని పాత తేదీతో ఎక్కిస్తాంది. ఆ సరుకు లెక్క చూసి బ్యాంకు అప్పు ఇస్తాది. అప్పు సముద్రం దాటతాది. ముఠాకి ఈడ పెద్ద ఎవురో మనకి తెల్దు. కోడ్ నేమ్ మున్షీ. గోడౌన్‌లో సరుకు లేదని బయటపడితే ఎవుడో గుమాస్తా నెత్తిన రుద్దుతారు.”

హుమేరా చేతిలో బజ్జీ నలిగిపోయింది. ఆ ఎవడో గుమాస్తా పేరు పీరా సాబ్. ఆదోని మిల్లులో ముప్పై ఏళ్లు కాటా దగ్గర తూకం రాసిన మనిషి. ఐదొందల పత్తి బేళ్లు కాజేశాడని రెండేళ్ల కింద పత్తి మార్కెట్ మధ్యలోంచి చొక్కా పట్టుకుని నడిపించారు. మూడో రోజు గుండె ఆగింది. ఊరి నోరు మాత్రం ఆగలేదు. ఇవాళ్టికీ ఆ ఇంటికి పత్తిదొంగ ఇల్లనే పేరు. ఆ నోళ్లు పడిపోను! పీరా సాబ్ హుమేరా తండ్రి.

“ఈ నెల నలభై వేల బేళ్లు ఎక్కిస్తారంట. వంద కోట్ల పైమాట,” అన్నాడు ఎర్రిస్వామి. “నీ సొంత కసి పక్కన పెట్టి పని సెయ్యమ్మా.”

“పెట్టను.”

“తెలుసు. అందుకే నిన్ను పిలిపించినా.” ఒక స్టేప్లర్ చేతికిచ్చాడు. “దీంట్లో కెమెరా ఉంది. పిన్నులు గూడ పడతాయి. గవర్నమెంటు సొమ్ము, పారేసుకోవాకు. లోపల మన మనిషి ఒకామె ఉంది. కోడ్ నేమ్ చిలక.”

మర్నాడు హెడ్డాఫీసులో అడుగుపెట్టింది కళ్లద్దాల సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ ‘ప్రమీల’.

చిలక అంటే ఫైనాన్స్ హెడ్ వీణ. ఆమె నడిచొస్తుంటే కంప్యూటర్ల ముందు తలలన్నీ వాటంతటవే తిరుగుతాయి. ఎండాకాలంలో కూడా నలగని పట్టుచీర, ఎప్పుడూ చెరగని చిరునవ్వు. నవ్వుకి పన్ను లేదు కదా, ధారాళంగా పంచిపెడుతుంది.

“పదకొండు రోజులు మా దగ్గర ఆనవాయితీ, ప్రమీల గారూ. మార్చడం కష్టం,” అంది వీణ.

ఆ ఆనవాయితీ చూసి హుమేరాకి ఒళ్లు మండింది. పెద్దకడుబూరు కొనుగోలు చీటీలు వాట్సాప్‌లో ఫొటోలుగా వస్తాయి. ఒకడు వాటిని ఎక్సెల్‌లో కొడతాడు. ఇంకొకడు దాన్ని ప్రింటు తీసి, చూస్తూ మళ్లీ సాఫ్ట్‌వేర్‌లో కొడతాడు! ఆదోని పంపిన బేళ్లు ఎమ్మిగనూరుకి చేరాయో లేదో నెలాఖరుకి గానీ ఎవరూ అడగరు. అడిగాక నాలుగు రోజులు కొట్లాట. కరెంటు బిల్లు రాలేదని నెల లెక్క మొత్తం ఆగి కూర్చుంటుంది. దొంగకి ఇంతకంటే పుట్టిల్లు ఎక్కడ దొరుకుతుంది?

మూడు వారాలు హుమేరా రాక్షసిలా పనిచేసింది. కాటాకి వైరు వేసి తూకం నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి పోయేలా చేసింది. పంపిన సరుకూ అందిన సరుకూ ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం సరిచూపించింది. రాని బిల్లులకి అంచనా వేసి ఎంట్రీ పెట్టించింది, అసలు బిల్లు వచ్చాక దిద్దుకోవచ్చు. నెలాఖరున పడే పనిని నెల పొడుగునా పంచేసింది. చేత్తో సరుకు ఎక్కించే దారి మాత్రం ఒక్కటి వదిలింది. కావాలనే.

“ఈ నెల ఆఖరి తేదీ సాయంత్రం ఐదుకి క్లోజింగ్,” అని మీటింగ్‌లో ప్రకటించింది. “ఐదుకి స్టాకు లెక్క దానంతటదే బ్యాంకుకి పోతుంది. ఆ తర్వాత పాత నెలలోకి దేవుడు కూడా దూరలేడు.”

వీణ నవ్వు ఒక్క క్షణం చెదిరింది.

ఆ మధ్యాహ్నమే ఆమె హుమేరాని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. “మున్షీ దొరికాడు. ఆదోని కాటా మేస్త్రీ ఉరుకుందప్ప. ఇదిగో రుజువు. పన్నెండో తేదీన అతని లాగిన్‌లోంచి రెండొందల దొంగ బేళ్లు ఎక్కాయి. పెద్ద దెబ్బకి ముందు రిహార్సల్ అన్నమాట.”

హుమేరా కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఆదోని బస్సెక్కింది.

ఉరుకుందప్ప అరవై దాటిన మనిషి. కాటా పక్కన బీడీ ముట్టించుకుంటున్నాడు.

“అప్పా, పన్నెండో తేదీ ఎన్ని బేళ్లు తూకమేస్తివి?”

“ఏం మాటమ్మా అది? పన్నెండు అమాస. అమాస నాడు కాటా ఎక్కిస్తారా యాడన్నా? ఆ పొద్దు కాటాకి పూజ. ఒక్క హమాలీ గూడ సరుకు ముట్టడు. ఈ మిల్లు పుట్టిన కాడ్నించి ఇదే కట్టు.” బీడీ పొగ వదిలాడు. “మా పీరా సాబ్ ఉన్నెప్పుడు టెంకాయ ఆయప్పే తెచ్చేటోడు. ‘కాటా మనకి అన్నం పెడతాండాది, దానికో దినం సెలవియ్యాల’ అంటాండె.”

హుమేరా గబగబా లాప్‌టాప్ తెరిచి రెండేళ్ల కిందటి ఎంట్రీ వెతికింది. ఐదొందల బేళ్లు, పీరా సాబ్ లాగిన్. తేదీ చూసి ఫోన్‌లో పంచాంగం చూసింది. అదీ అమావాస్యే.

టెంకాయ కొట్టే రోజున తూకం రాశాడట! ఈ ఊరి కట్టు తెలియని మనిషి, కాటా ముఖం కూడా చూడని మనిషి, ఏసీ గదిలో కూర్చుని వేసిన తేదీ అది. అందరి పాస్‌వర్డులూ ఉన్నది ఒక్క ఫైనాన్స్ హెడ్ దగ్గరే. చిలకే మున్షీ.

“ఏందమ్మా, ఏడుస్తాండావు?”

“నేను పీరా సాబ్ కూతుర్ని అప్పా.”

ముసలాయన బీడీ పారేశాడు. తర్వాత ఆమె తలమీద చెయ్యిపెట్టాడు. “ఏం సెయ్యాల్నో సెప్పు తల్లీ.”

ఆఖరి తేదీ. మధ్యాహ్నం మూడు గంటలు.

“ఉరుకుందప్పని పట్టుకోడానికి ఆదోని వెళ్తున్నాను మేడమ్,” అంది హుమేరా. “ఇది ఉంచండి, పనికొస్తుంది.” స్టేప్లర్‌ని వీణ బల్ల మీద, కీబోర్డుకి ఎదురుగా పెట్టింది.

నాలుగున్నరకి కాటా గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎదురుగా ఉరుకుందప్ప రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. అతను కీబోర్డు ముట్టలేదనడానికి చుట్టూ పదిమంది హమాలీలు సాక్షులు. తెర మీద వీణ గది కనిపిస్తోంది.

నాలుగూ యాభై ఐదు. వీణ తలుపు గడియ వేసింది.

“లాక్ సెయ్యమ్మా!” చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఎర్రిస్వామి. “వంద కోట్లు!”

“ఇప్పుడు మూస్తే డబ్బు మిగుల్తాది. ఆమె గూడ మిగుల్తాది. ఎంట్రీ కొట్టనీ.”

“కొట్టినాక పది సెకండ్లే. సరుకు లెక్కలోకి ఎక్కిపోతాది. ఉజ్జోగాలు పోతాయి తల్లీ!”

“మా నాయన పాణమే పోయింది.”

నాలుగూ యాభై తొమ్మిది. వీణ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. యూజర్: ఉరుకుందప్ప. సరుకు: నలభై వేల బేళ్లు. పోస్ట్.

పది. తొమ్మిది. ఎనిమిది. హుమేరా వీణ ముఖమే చూస్తోంది. నాలుగు. మూడు. ఆ ముఖంలో గెలిచిన నవ్వు పూర్తిగా విచ్చుకునేదాకా ఆగింది, అప్పుడు మీట నొక్కింది.

“నెల మూసివేయబడింది. ఎంట్రీ తిరస్కరించబడింది.”

వీణ మెట్లు దిగి కారు వైపు పరుగెత్తింది. హెడ్డాఫీసు గేటు దగ్గర ఉగ్గాని బండి అడ్డం నిలిచింది. ఆమె లిప్‌స్టిక్ పిస్తోలు తీసేలోపు బజ్జీల పిండి గిన్నె నెత్తిన బోర్లపడింది. పట్టుచీర మొదటిసారి నలిగింది.

“స్టేషన్‌కి పోదామా మేడమ్?” అన్నాడు ఎర్రిస్వామి, బేడీలు వేస్తూ.

ఆదోని కాటా గదిలో హుమేరా తన తండ్రి పేరున ఉన్న ఎంట్రీ తెరిచి ‘రద్దు’ నొక్కింది. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఈ నెల మూసేశారు, కొత్త నెల రేపు తెరుచుకుంటుంది అంది.

“నువ్వే మూస్తివి గదమ్మా,” అన్నాడు ఉరుకుందప్ప.

రెండేళ్లు ఆగినదానికి ఒక్క రోజు ఎంత!

మర్నాడు ఉదయం వీణని మిల్లుకి తెస్తున్న పోలీసు జీపు సరిగ్గా పత్తి మార్కెట్ మొదట్లో పంచరైంది. నిజంగా అయిందా అని ఎవరూ అడగలేదు. బేడీలతో ఆమెని మార్కెట్ మధ్యలోంచి నడిపించారు. పీరా సాబ్‌ని నడిపించిన దారే. కొట్లవాళ్లంతా బయటికి వచ్చి చూశారు. హుమేరా ముందు నడిచింది, ఎవరి కళ్లలోకీ చూడకుండా.

తొమ్మిదింటికి కొత్త నెల తెరుచుకుంది. మొదటి ఎంట్రీ వీణ చేతే, వీణ లాగిన్‌లోంచే కొట్టించింది. “ఐదొందల బేళ్ల ఎంట్రీ రద్దు. అది దొంగ ఎంట్రీ. వేసింది నేను. పీరా సాబ్ దొంగ కాదు.”

చదవడం రాని హమాలీల కోసం ఉరుకుందప్ప గట్టిగా చదివాడు. “ఇంగోసారి సదువు మేస్త్రీ,” అన్నారు వాళ్లు. మూడుసార్లు చదివించుకున్నారు. హుమేరా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ అద్దాలకి పవర్ కూడా లేదు.

వారం తర్వాత ఢిల్లీ నుంచి రిపోర్టు ఫారం వచ్చింది. ‘క్లోజింగ్ పదకొండు రోజుల నుంచి ఒక్క రోజుకి తగ్గడానికి తోడ్పడిన ముఖ్య సాధనం’ అన్న గడిలో సాఫ్ట్‌వేర్ పేరు రాయాలి.

హుమేరా కొంచెం ఆలోచించి “కసి” అని రాసి పంపేసింది.