తొట్టిలో అరవై క్యాన్లు

"సార్, ఆదివారం సెలవు కావాలి. మా పాపకు బాప్తిస్మం."

"ఆదివారమే నీ మిషన్, రెజీనా."

కడప నిఘా ఆఫీసులో చీఫ్ రాఘవేంద్రప్రసాద్ మ్యాపు మీద వేలు పెట్టాడు. కమలాపురం. ఏజెంట్ రెజీనా ఆ వేలి వైపే చూసింది. ఆమె కూతురు, పదమూడేళ్ల జీవిత, అవ్వ దగ్గర ఉండేది ఆ ఊళ్లోనే.

"విదేశీ ముఠా అక్కడి తాగునీటి ఆర్వో ప్లాంటులో విషం కలపబోతోంది. ముఠాలో మన మనిషి హిమబిందు ఉంది. నిన్ను కలుస్తుంది. కోడ్‌గా నువ్వు నీళ్లలో లవణాల లెక్క అడగాలి: టీడీఎస్ ఎంత? జవాబు: నీ వయసంత. ఇంటికి మాత్రం ఫోన్ చేయకు. ముఠా పసిగడితే మరో ఊరు చూసుకుంటుంది."

మరో ఊరైతే ఏడ్చేది మరో తల్లి. రెజీనా ఫోను జేబులో పెట్టేసింది.

ఆదివారం పొద్దున ఖాకీ చొక్కాతో, రెంచీతో, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చే మెకానిక్ వేషంలో ప్లాంటులో దిగింది. విషం తగిలితే ఎర్రబడే పెన్ను జేబులో ఉంది. బోరు నీళ్లలో ముంచింది. మామూలే. కార్బన్ ఫిల్టరు, మెంబ్రేన్. అక్కడా మామూలే.

సెంటు వాసన వచ్చింది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర.

"టీడీఎస్ ఎంత?" అడిగింది రెజీనా.

"నీ వయసంత," అంది హిమబిందు. "మెంబ్రేన్ దగ్గర వెతుకుతున్నావా పిచ్చిదానా? ఉప్పును ఆపుతుంది, ఫ్లోరైడును ఆపుతుంది. దాన్ని దాటాక కలిపితే ఎవరు ఆపుతారు?"

వడకట్టిన నీళ్లలో ఖనిజాలు కలిపే, గోడకున్న మినరల్ డోసింగ్ సీసా చూపించి నవ్వింది. "నిన్న సాయంత్రం నేనే మార్చా."

ఆమె బయటికి జారుకోగానే ఇనుప తలుపు ధడాలున మూసుకుంది. బయట తాళం పడింది. సీసాలో ముంచిన పెన్ను కొన ఎర్రబడింది.

రెజీనా ఆజ్ఞ మరిచి తల్లి కృపమణికి ఫోన్ చేసింది. మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. ఆరాధనకు ముందే ఫోన్లన్నీ చర్చి గుమ్మం దగ్గర బుట్టలో వేయిస్తారని తెలిసీ చేస్తూనే ఉంది. రెంచీతో తలుపు బాదింది. నా బిడ్డకు దప్పిక కాకుండా చూడు ప్రభువా.

కిటికీలో ఆపరేటర్ హంపమ్మ ముఖం కనబడింది. "ఎవురమ్మా లోపల?"

"తాళం తియ్యక్కా! ఈ పొద్దు నీళ్లు ఎవురికి పోయినాయి?"

"ఇంకెవురికి? అరవై క్యాన్లూ చర్చోళ్లే ఎత్తుకపోయిరి. ఊరికి ఒగ చెంబు మిగల్లేదని ఆడోళ్లు నన్ను తిడతాండారు."

"అన్నీ తాగేదానికా?"

"తాగేదానికేందమ్మా! పాపఘ్ని ఏట్లో నీళ్లు యాడుండాయి? బోరు నీళ్లలో మునిగితే కండ్లు మండుతాయంట. తొట్టి నింపి బాప్తిస్మాలిస్తాండారు."

మునిగితే నోట్లోకి పోవా, ముక్కులోకి పోవా? హంపమ్మ రెండో తాళంచెవి తిప్పేలోపే రెజీనా కాళ్లు పరుగెత్తుతున్నాయి.

చర్చి ఆవరణలో తెల్లబట్టల వరుస. అందరికన్నా ముందు జీవిత, నడుంలోతు నీళ్లలో. పాస్టర్ యేసుప్రసాద్ చెయ్యి ఆమె తల మీద ఉంది. తల వెనక్కి వాలుతోంది. రెజీనా ఒక్క దూకు దూకి కూతురి జడ పట్టి లాగింది.

"పనీ పనీ అని రానిదానివి," కృపమణి మండిపడింది, "వచ్చి బిడ్డను దేవుని చేతుల్లోంచి గుంజుతావా!"

రెజీనా తొట్టిలో పెన్ను ముంచింది. ఎరుపు. "నీళ్లలో విషం!" అంది. పాస్టరు తొట్టి గట్టు ఎక్కేశాడు.

విషం మింగితేనే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. ఆమె నమ్మలేదు. సాయంత్రం దాకా కూతురి పెదవుల రంగే చూస్తూ కూర్చుంది. బద్వేలు రోడ్డులో హిమబిందు దొరికిందని చీఫ్ ఫోన్ చేశాడు.

"ఊరంతా బతికింది రెజీనా. ఎలా ఆపావు?"

"నేనేం ఆపలేదు సార్. ఏట్లో నీళ్లు లేకపోబట్టి, ఊరు తాగాల్సిన క్యాన్లన్నీ తొట్టిలోకి పోబట్టి ఆగింది. మిగతా ముఠాను వానలు పడేలోపల పట్టుకోండి."