పాస్‌పోర్ట్ ఇవ్వని నర్సు

"ఈ ఆదివారం నువ్వు ఒక వీడియో గేమ్‌ని కాపాడాలి," అన్నాడు చీఫ్ సదాశివరావు.

ఏజెంట్ టిమోతి నవ్వబోయి ఆగాడు. చీఫ్ నవ్వడం లేదు.

2006. ఢిల్లీ ఆర్.కె. పురంలో కర్టెన్లు వేసిన ఒక ప్రభుత్వ క్వార్టర్. టేబుల్ మీద ఫోటో: మార్త, కాకినాడ నర్సు. ఒక విదేశీ ముఠా ఆమెను ఉద్యోగమని గల్ఫ్‌కి తీసుకెళ్లి, పాస్‌పోర్ట్ లాక్కుని, బంగళాలో బంధించి చాకిరీ చేయించింది. తప్పించుకొచ్చింది. జరిగింది ఇంట్లో కూడా చెప్పుకోలేకపోయింది. పేరు బయటపెట్టబోమని మాటిచ్చి, నోయిడా కుర్రాళ్లు ఆమె కథను గేమ్‌గా తయారుచేశారు.

"దాన్ని ఇక్కడి తెలుగు చర్చిలో చూపిస్తారు. అక్కడే ముఠా ఏజెన్సీ కొత్త నర్సుల పాస్‌పోర్టులు తీసుకుంటుంది. మార్త చెల్లెలు స్తుతి కూడా ఇస్తోంది. గేమ్ చూస్తే ఎవరూ ఇవ్వరు. అందుకే నీలం చొక్కావాడొకడు సీడీ మార్చేస్తాడట."

"ఎవరు చెప్పారు?"

"ఏజెన్సీలో మన మనిషి. ఎల్సా."

ఆదివారం టిమోతి ప్రొజెక్టర్ ఆపరేటర్ వేషంలో లాప్‌టాప్ పక్కన నిలబడ్డాడు. జేబులో పెన్ కెమెరా. నెమలికంఠం పట్టుచీరలో, మల్లె సెంటు గుప్పుమంటూ ఎల్సా వచ్చింది. హాలంతా తల తిప్పింది.

"భయ్యా, సరోజినీ మార్కెట్లో సేల్ ఉందా?"

"సోమవారం బంద్ మేడమ్."

కోడ్ కలిసింది. టిమోతి చూపు మళ్లీ తలుపు మీదికి వెళ్లింది. నీలం చొక్కా ఏదీ?

"ప్రార్థించుకుందాం," అన్నారు పాస్టరుగారు.

టిమోతి కళ్లు మూసుకున్నాడు. భీమవరం పాస్టరు కొడుకు మరి. ఏ ట్రైనింగూ ఆ అలవాటు మాన్పించలేదు. పాస్టరుగారు ప్రార్థనలో ఢిల్లీ నుంచి మొదలుపెట్టి దేశాలన్నీ చుట్టి వచ్చారు.

ఆమెన్. గేమ్ మొదలైంది. తెర మీద నర్సు బొమ్మను మేనేజర్ పాస్‌పోర్ట్ అడిగాడు. ఒకమ్మాయి 'ఇవ్వను' నొక్కింది. బొమ్మ చీకటి గదిలో పడింది. 'గేమ్ ఓవర్.' ఈసారి 'ఇస్తాను' నొక్కింది. చప్పట్లు, బొమ్మ చేతికి బంగారు గాజులు.

టిమోతి లాప్‌టాప్ మీదికి వంగాడు. దాని మీద ఎల్సా మల్లె సెంటు వాసన. నీలం చొక్కా అసలు లేడు.

ఎల్సా అప్పటికే బ్యాగ్ తెరిచింది. పది పాస్‌పోర్టులు అందులో పడ్డాయి. తర్వాతి వంతు స్తుతిది.

"ఆగండి, అది అసలు గేమ్ కాదు," అన్నాడు టిమోతి.

"నువ్వు వైర్లు చూసుకో భయ్యా." అందరూ నవ్వారు.

స్తుతి పాస్‌పోర్ట్ సగం బ్యాగులోకి వెళ్లింది.

"ఇవ్వకే స్తుతీ."

వెనక వరుసలో మార్త లేచి నిలబడింది.

"అదేంటక్కా, అక్కడ బాగుంటుందని నువ్వే అన్నావుగా?"

"అబద్ధం. ఆ బొమ్మ నేనే. 'ఇస్తాను' అన్నదాన్ని నేనే." మార్త జాకెట్ చెయ్యి పైకి లాగింది. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. "వాళ్లు నాకు తొడిగిన గాజులు ఇవే."

స్తుతి పాస్‌పోర్ట్ వెనక్కి లాక్కుంది. ఆ వెనకే చాలా చేతులు తమవి లాక్కోవడానికి బ్యాగులోకి వెళ్లాయి.

ఎల్సా బయటికి పరుగెత్తి, గుమ్మం దగ్గర చెప్పుల కుప్పలో హైహీల్స్ వెతుక్కుంటూ టిమోతికి దొరికిపోయింది. హ్యాండ్‌బ్యాగులో పౌడర్ డబ్బా కింద అసలు సీడీ ఉంది.

"ప్రార్థనలో కళ్లు మూసుకునే గూఢచారి ఎక్కడైనా ఉంటాడా?" అంది బేడీలు చూసుకుంటూ.

"ఆ ఒక్క ముక్క మా చీఫ్‌కి చెప్పకండి మేడమ్."

అసలు గేమ్ పెట్టారు. భోజనాలు చల్లారుతున్నా ఎవరూ కదల్లేదు. పాస్టరుగారు ఆటలో రెండుసార్లు పాస్‌పోర్ట్ పోగొట్టుకుని, మూడోసారి ఆడటానికి స్తుతి వెనక లైన్లో నిలబడ్డారు.